ముబీనా వాళ్ళ నాన్న

నూర్‌బాషా మీరావలి రాజోలులో పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు సైకిలుకి కట్టుకుని సఖినేటిపల్లి రేవు దాకా ఊరూరా తిరిగేవాడు. మా నాన్న కృపారావు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఇంట్లో పరుపులూ దిళ్ళూ అన్నీ మీరావలి చేతివే. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద కూర్చుని బూరుగుదూది ఏకుతూ ఉండేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి, తొంభై ఒకటిలో, బాబాయ్‌కి కూతురు పుట్టింది. పుట్టిన బిడ్డ చెవిలో ముందుగా దేవుడి మాట పడాలని వాళ్ళ పద్ధతి. కుడి చెవిలో నమాజుకి పిలిచే అజాన్, ఎడమ చెవిలో నమాజు మొదలయ్యే ముందు చెప్పే ఇఖామత్. మసీదులో నమాజు చేయించే హజరత్ గారు ఆ వేళ అమలాపురం వెళ్ళేరు. అందుకని బాబాయే చెప్పేడు. ఆయనకి అరబ్బీ చదవడం రాదు. తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాడు. మధ్యలో ఒకచోట తడబడి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పేడట.

ఏడో రోజున బిడ్డకి తల వెంట్రుకలు తీయించి పేరు పెట్టేరు. నాగూరు దర్గాకి మొక్కుకున్నాం కాబట్టి నాగూరమ్మ అనే పెట్టాలని బాబాయ్ వాళ్ళమ్మ ఖాసింబీ పట్టుబట్టింది. హజరత్ గారు మెల్లిగా చెప్పేరు. "మొక్కు వెళ్ళి తీర్చుకోండమ్మా. పేరు మాత్రం మంచి అర్థం ఉన్నది చూసి పెట్టాలి. తండ్రి బిడ్డకి ఇచ్చే మొదటి బహుమానం అదే కదా."

ఆయన ఒక్కో పేరే చదువుతుంటే బాబాయ్ ఆ పేరు పట్టుకుని వీధిలోకి వెళ్ళి గట్టిగా పిలిచి చూసేవాడు. వాకిట్లో అందరూ నవ్వుతున్నారు. నాలుగైదు పేర్లయ్యేక "ముబీనా!" అని పిలిచి లోపలికొచ్చేడు.

"ఇదండీ. వీధి చివర్నుంచి పిలిచినా ఇనపడుద్ది."

ముబీనా నిద్ర గురించి బాబాయ్ మా అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. విల్లు పక్కన చాప మీద పడుకోబెట్టి గంటలకొద్దీ దూది ఏకినా కదిలేది కాదు. "నా కూతురండీ, ఈ మోత దానికి జోలపాట" అనేవాడు. మేమూ నిజమే అనుకున్నాం.

పిల్లకి ఏడాది దాటేక ఒకరోజు బాబాయ్ భార్య జైనబ్బీ పిన్ని చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి సరిగ్గా పిల్ల వెనకాల పడింది. పిల్ల తల తిప్పలేదు. పిన్ని గిన్నె తీసి మళ్ళీ కావాలని పడేసింది. అప్పుడూ తిప్పలేదు.

సాయంత్రం బాబాయ్ పిల్ల వెనకాల నిలబడి, ముబీనా అని పిలిచేడు. ఇంకొంచెం గట్టిగా పిలిచేడు. చివరికి గొంతు చించుకుని అరిచేడు. వీధిలో వాళ్ళంతా ఏమైందోనని పరుగెత్తుకొచ్చేరు. పిల్ల మాత్రం దూది పింజలు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది.

కాకినాడ డాక్టరు గారు చెవి నరం లేదనీ, దానికి మందు లేదనీ చెప్పేరు. చెవికి పెట్టే మిషను కొన్నారు గానీ పిల్ల ఉంచుకోలేదు. తాయెత్తులు కట్టించేరు. నాగూరూ వెళ్ళొచ్చేరు. ఖాసింబీ ఏడ్చినప్పుడల్లా ఒకటే మాట. "నే చెప్పిన పేరు పెట్టుంటే ఇలాగయ్యేదా?"

బాబాయ్ తల్లికి ఎదురు చెప్పేవాడు కాదు. ఆయన బెంగ వేరు. ఒకరోజు నమాజ్ అయ్యేక హజరత్ గారి దగ్గర కూలబడ్డాడు.

"అజాన్ చెప్పింది నేనండీ. మధ్యలో తడబడ్డాను. దానివల్లేమోనండీ?"

"పిచ్చి మాటలాడకు మీరావలీ. అల్లా నీ నాలుక మీద తప్పు పట్టి పసిదాన్ని శిక్షిస్తాడా?"

"మరెందుకండీ?"

హజరత్ గారు "నాకు తెలీదు" అన్నారు. ఆ మనిషి అలా ఒప్పుకున్నందుకే ఆయనంటే తనకి గౌరవం పెరిగిందని బాబాయ్ మా నాన్నతో చెప్పేడు. కానీ మనసులో ముల్లు మాత్రం పోలేదు.

వాళ్ళింట్లో ప్రతి పనికీ దేవుడి మాట ఒకటి ఉంటుంది. అన్నం ముద్ద పట్టుకునే ముందు బిస్మిల్లా, తిన్నాక దువా, పడుకునేటప్పుడు ఒకటి, గడప దాటేటప్పుడు ఒకటి. ఇవన్నీ పిల్లకి ఎలా నేర్పాలో వాళ్ళకి తోచలేదు. పిన్ని ముద్ద పెట్టే ముందు పిల్ల అరచేతిని తన పెదాలకి ఆనించుకుని బిస్మిల్లా అనేది. కొన్నాళ్ళకి పిల్ల కూడా ముద్ద తీసుకునే ముందు అరచెయ్యి పెదాలకి తాకించుకోవడం మొదలెట్టింది.

నమాజ్ చూసి నేర్చుకుంది. తండ్రి వంగితే వంగేది, నుదురు ఆనిస్తే ఆనించేది. పెదాలు కూడా కదిపేది. బాబాయ్ ఓరకంట చూసేవాడు. ఆ పెదాల మధ్య ఏముందో ఆయనకి అర్థమయ్యేది కాదు. అదీ వెళ్ళి హజరత్ గారినే అడిగేడు.

"అది నువ్వు తెలుసుకోవాల్సింది కాదులే. ఎవరికి చెప్తోందో ఆయనకి తెలుస్తుంది" అన్నారాయన.

రెండువేలలో, ముబీనాకి తొమ్మిదేళ్ళప్పుడు, కాకినాడ వైపు చెవిటి పిల్లల బడి ఉందని మా నాన్న కనుక్కొచ్చేరు. హాస్టలు కూడా ఉంది. పిన్ని నెల రోజులు ఒప్పుకోలేదు. "దానికి ఆకలేస్తే ఎవరికి చెప్పుకుంటుందండీ మాస్టారూ?" అనేది. చివరికి పంపేరు. మొదటి దసరా సెలవులకి బాబాయ్ తీసుకురావడానికి వెళ్తే గేటు దగ్గర పిల్లలు ఆయన్ని చుట్టుముట్టి, ఎడమ కనుబొమ మీద చూపుడువేలితో గీత గీసి చూపిస్తున్నారు. ఆయనకేం అర్థం కాలేదు. టీచరమ్మ వచ్చి చెప్పింది.

"మీ అమ్మాయి పేరండి అది. కనుబొమ మీద గాటుంది కదా, పిల్లలంతా కలిసి అలా పెట్టుకున్నారు."

ఆ గాటు చిన్నప్పుడు విల్లు మీద పడితే అయింది. బాబాయ్ అక్కడే తనూ వేలితో గీసి చూసేడు. దూరంగా ఆడుకుంటున్న ముబీనా అది చూసి పరుగెత్తుకొచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆయన పిలిస్తే కూతురు రావడం అదే మొదలు. ఆ సంగతి చెప్తూ మా అరుగు మీద కళ్ళు తుడుచుకున్నాడు. కూతురికి పేరు పెట్టింది మాత్రం తను కాదని కూడా అన్నాడు.

ఆ తర్వాత ముబీనా ప్రతి సెలవులకీ కొత్త సైగలు నేర్చుకొచ్చేది. అమ్మానాన్నలిద్దరికీ నేర్పబోయేది. పిన్ని త్వరగానే పట్టుకుంది. తల్లీకూతుళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని చేతులతో గంటలు మాట్లాడుకుని నవ్వుకునేవారు. విల్లు కొట్టీ సూది పట్టీ మొద్దుబారిన బాబాయ్ వేళ్ళకి అది రాలేదు. అన్నం, నీళ్ళు, అమ్మ, నమాజు, పడుకో, ఇలా పదో పన్నెండో వచ్చు. మిగతావి పిన్ని చెప్పేది.

రెండువేల ఆరు ఆగస్టులో గోదారి పొంగింది. లంకలు మునిగేయి, బస్సులు ఆగిపోయేయి. ఆ వరదలోనే పిన్నికి జ్వరమొచ్చింది. నాలుగో రోజు తెల్లారేసరికి ప్రాణం పోయింది.

"పిల్ల వచ్చేదాకా ఒక్క రోజు ఆగలేమా అండీ?" అని బాబాయ్ హజరత్ గారి చేతులు పట్టుకున్నాడు.

"రోడ్డు ఎప్పుడు తేలుద్దో ఎవరికి తెలుసు మీరావలీ? ఖబరస్తాన్ గోడ దాకా నీళ్ళొచ్చేసేయి. రేపటికి గొయ్యి తవ్వే చోటు కూడా ఉండదు."

ఆయన చెప్పింది నిజమే. ఆ సాయంత్రమే మట్టి చేసేరు.

బస్సులు తిరగడానికి ఐదు రోజులు పట్టింది. బాబాయ్‌కి నిలబడే ఓపిక లేక మా నాన్నా నేనూ వెళ్ళి ముబీనాని తీసుకొచ్చేం. అప్పటికి తనకి పదిహేనేళ్ళు. ఇంట్లో అమ్మకి బాగాలేదని టీచరమ్మ చెప్పింది. అంతకుమించి చెప్పే ధైర్యం ఆవిడకీ లేదు, మాకూ లేదు. దారి పొడుగునా ముబీనా అమ్మ కోసం కొన్న గాజుల పొట్లం నాకు చూపిస్తూనే ఉంది.

గుమ్మంలో తండ్రిని చూసి, అమ్మ ఏదీ అని చేత్తో అడిగింది. ఆ సైగ బాబాయ్‌కి తెలుసు. జవాబే తెలీదు. అమ్మ అని సైగ చేసేడు. తర్వాత చేతులు గాల్లోనే ఆగిపోయేయి. తనకి వచ్చిన పదింటిలో వెతుక్కుని, పడుకుంది అని చేసేడు.

ముబీనా గాజుల పొట్లం పట్టుకుని గదిలోకి వెళ్ళింది. మంచం మీద చూసింది. వంటింట్లో చూసింది. దొడ్లోకి కూడా వెళ్ళి చూసి, కోపంగా తిరిగొచ్చింది. బాబాయ్ గోడకి చేరబడి నోరు తెరిచి ఏడుస్తున్నాడు.

అక్కడ ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళరు. హజరత్ గారే వచ్చి, "తీసుకెళ్ళు. ఈ పిల్లకి చెప్పడానికి మనకి ఇంకో దారి లేదు" అన్నారు. బురదలో నడుచుకుంటూ వెళ్ళేం. నేను గేటు దగ్గర ఆగిపోయేను. కొత్త మట్టి దిబ్బ చూపించి బాబాయ్ మళ్ళీ అమ్మ అని సైగ చేసేడు. ముబీనా దిబ్బ వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆ పైన తన గొంతులోంచి వచ్చిన అరుపు రోడ్డు మీద పోయేవాళ్ళని నిలబెట్టేసింది.

అరుపు ఆగేక బాబాయ్ రెండు చేతులూ ఎత్తి దువా మొదలెట్టేడు. ముబీనా ఆయన చేతులు పట్టుకుని కిందికి లాగింది. తన చేతులతో ఏదో అడిగింది. ఆయనకి తెలియలేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి మెల్లిగా, ఒక్కో వేలూ విడివిడిగా, పసిపిల్లాడిని అడిగినట్టు అడిగింది. నేను గేటు దగ్గర్నుంచి చూస్తున్నాను. నాకూ తెలియలేదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ మట్టి కింద ఉంది.

బాబాయ్ అవునని తలూపేడు. ముబీనా ఆయన్ని కాసేపు చూసి, వెనక్కి తిరిగి బురదలో ఒక్కతే ఇంటికి నడిచింది.

ఇప్పుడు తను అమలాపురంలో ఒక టైలరింగ్ షాపులో పని చేస్తోంది, అక్కడే తోటి అమ్మాయిలతో ఉంటోంది. పండక్కి వస్తుంది. తండ్రికి వండి పెడుతుంది, బట్టలు ఉతికి వెళ్తుంది. కొత్త సైగలు మాత్రం నేర్పడం మానేసింది. మొన్న మా దిళ్ళు కుడుతూ బాబాయ్ నన్ను అడిగేడు.

"ఆ రోజు అది ఏమడిగిందంటావమ్మా?"

"తెలీదు బాబాయ్."

"దేనికో మరి, అవునన్నాను" అని, సూదిలో దారం ఎక్కించుకోలేక నా చేతికిచ్చేడు.