నల్ల స్లైడు సారుది

మా సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "రేత్రి దాకా బాగానే ఉన్నారమ్మా. పొద్దున లేపితే లెగలేదు" అంటున్నారు ఆవిడ. నేనేమో, నాకు జవాబు చెప్పకుండా ఎలా వెళ్లిపోతారు అనుకుంటున్నాను. చావు కబురు విని ఇలా అనుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి దాచిపెట్టి రాస్తే ఇంకా సిగ్గు.

జంషెడ్‌పూర్‌లో నేను చదివిన కాలేజీలో ఆయన జువాలజీ చెప్పేవారు. పీహెచ్‌డీ కూడా ఆయన దగ్గరే చేశాను. మేము ఉండేది కద్మాలో, ఆయన ఇల్లు సిద్ధగోరాలో. ఇద్దరి పెద్దలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. క్లాసులో ఆయన అందరితో హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవారు. ల్యాబులో మేమిద్దరమే మిగిలితే మాత్రం తెలుగు. "ఏటమ్మా, ఈగలకి మేత పెట్టినావా?" అని అడిగేవారు, పెరట్లో ఆవుకి పెట్టావా అన్నట్టు. ఆ మాట వినడానికే కొన్నిసార్లు త్వరగా వెళ్లేదాన్ని.

ఈగలంటే అరటిపండు మగ్గితే ముసిరే చిన్న ఈగలు. వాటి పిల్లపురుగుల లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు చాలా లావుగా, అడ్డచారలతో ఉంటాయి. గ్రంథిని సూదులతో బయటికి తీసి, గాజు స్లైడు మీద పెట్టి, పైన పల్చటి గాజు ముక్క వేసి బొటనవేలితో నొక్కాలి. "గట్టిగా నొక్కు. ఏలు జరిగిందా, ముగ్గు తొక్కినట్టే" అనేవారు సారు. తర్వాత దాని మీద యాంటీబాడీ వేస్తాం. మనకు కావలసిన ప్రోటీన్‌ని వెతికి పట్టుకునేది అదే. దానికి రంగు తగిలిస్తే, మైక్రోస్కోపులో ఎక్కడెక్కడ పచ్చగా వెలుగుతుందో అక్కడక్కడ ఆ ప్రోటీన్ ఉన్నట్టు. అలా వెలిగిన చారలన్నీ గుర్తించి మ్యాపు గీయడమే నా ఐదేళ్ల పని.

ఎండాకాలం ల్యాబులో కరెంటు పోతే సీసాల్లో ఈగలు చచ్చిపోతాయని సారు ఆ సీసాలని సంచిలో పెట్టుకుని స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్లి కూలరు ముందు పెట్టేవారు. "ఉన్న ఈగలు సాలవా, ఇంకా మోసుకొత్తన్నారు" అని ఆంటీ సణిగేవారు. నా పని కోసం అంత చేసిన మనిషి ఆయన. అందుకే నాకు ఇంత మంట.

యాంటీబాడీని ఊరికే నమ్మకూడదు. ఒక్కోసారి అది వేరే దాన్ని పట్టుకుని మనల్ని వెర్రివాళ్లని చేస్తుంది. అందుకని ఆ ప్రోటీన్ అసలు తయారుకాని ఈగల మీద కూడా అదే వేసి చూడాలి. అక్కడ ఏమీ వెలగకూడదు. దాన్ని సారు నల్ల స్లైడు అనేవారు. మొదటిరోజే నాకు చెప్పేశారు. "రంగు స్లైడు నీది, నల్ల స్లైడు నాది. ఫలితం కావాలనుకున్నోళ్లు నల్లది సూడకూడదమ్మా. ఆశ కళ్లకి అడ్డొత్తాది." ఆయన చూసి రిజిస్టరులో 'నలుపు' అని రాసేవారు. నా మ్యాపు, నా డిగ్రీ, నా ఉద్యోగం అన్నీ ఆ మాట మీదే నిలబడ్డాయి.

ఈ మధ్య నా దగ్గర చేరిన ఒక విద్యార్థిని అదే యాంటీబాడీతో రెండు స్లైడులూ తనే చేసి, తనే చూసింది. నల్లగా ఉండాల్సింది వెలిగింది. మసగ్గానే, కానీ సరిగ్గా నా మ్యాపులో చారలున్న చోట్లే. మళ్లీ మళ్లీ చేశాం, అంతే. నా మ్యాపు తప్పు. సారుకి ఫోన్ చేశాను.

"నల్ల స్లైడు మీరు చూశారా సార్?"

"సూసినానమ్మా. నల్లగానే ఉంది."

"నిజంగా చూశారా?"

ఫోన్ పెట్టేశారు. రెండు వారాలకి పోయారు. ఆ మ్యాపుతో అచ్చయిన నా పరిశోధన పేపరు వెనక్కి తీసుకుంటున్నానని సైన్సు పత్రికకి ఉత్తరం రాయాలి, అందులో కారణం చెప్పాలి. మా సారు చూడకుండానే చూశానన్నారని రాయాలా? కన్నతండ్రిలా నమ్మితే నా గొంతు కోశారు అనుకున్నాను. ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటున్నాను.

పెద్దకర్మ అయ్యాక సిద్ధగోరా వెళ్లాను. బంధువులు లేచాక ఆంటీ నా పక్కన కూర్చున్నారు.

"నీకో మాట సెప్పాలమ్మా. నువ్వు సేరిన రెండో ఏడే ఆయనకి కళ్లు తగ్గిపోయినాయి. కంటి నరం ఎండిపోతందన్నాడు డాక్టరు. మసక ఎలుగు కానరాదు. నీకు సెప్పొద్దన్నారు."

"ఎందుకు?"

"తెలిత్తే నిన్ను ఏరే సారు దగ్గరికి మార్సేత్తారని. ఆయనకి మిగిలిన స్టూడెంటువి నువ్వొక్కదానివే కదా."

అంటే తన కోసం. నా కోసం కాదు. ఒళ్లు మండిపోయింది. చావింట్లో ఉన్నానని కూడా చూడకుండా గొంతు పెంచాను. "నన్ను అడగొచ్చు కదా ఆంటీ! ఒక్కసారి చూడమంటే చూసేదాన్ని కదా!"

ఆవిడ నావైపు వింతగా చూశారు. "అడిగేవోరట కదమ్మా. 'నాకు కానరాకపోతే ఏటి, పిల్లని అడిగే రాత్తన్నాను' అనేవోరు. నల్లగానే ఉందని నువ్వే సెప్పేదానివట."

లేదు అనబోయాను.

అడిగేవారు. నేను సింకు దగ్గర స్లైడులు కడుగుతూ ఉండేదాన్ని. చూడకూడదని చెప్పింది ఆయనే కదా, ఊరికే అడుగుతున్నారనుకునేదాన్ని. ఎదురుగా కిటికీ అద్దంలో ఆయన కనిపించేవారు. మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, కుర్చీ నావైపు తిప్పి, దాని వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడేవారు. "నల్లగానే ఉంది కదమ్మా?" నేను వెనక్కి తిరగకుండానే "హా సార్" అనేదాన్ని. ఆయన ఇంకాసేపు అలాగే, కుర్చీ ఖాళీగా ఉంచి నిలబడేవారు.