నెట్ స్పీడు తగ్గాక వచ్చిన వీడియో కాల్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా కలగలేదు. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేస్తున్నాను. శవాల గది పక్క వరండాలో ఒంటరిగా తిరిగే ఉద్యోగం. అక్కడ నాకు ఏమీ కనిపించలేదు. కనిపించింది పట్టపగలు, ఒమన్‌లో, నా ఫోన్‌లో.

మాది అచ్చంపేట దగ్గర ఊరు. గొర్లు కాసే ఇల్లు. అమ్మ, బాపు మా చిన్నప్పుడే పోతే నన్నూ తమ్ముడు మల్లేశ్‌నూ మేనత్త బుచ్చమ్మే పెంచింది. ఇప్పటికీ మందను తోలుకుని గుట్టలకు పోతుంది. మానమంటే మన మీదే కోపం చేస్తుంది. మల్లేశ్ మస్కట్‌లో ఏసీ మెకానిక్. కిందటేడు విజిట్ వీసా పంపి, "అక్కా, నేను బతికే జాగ నువ్వొక్కసారన్న చూడాలె" అని పట్టుబట్టాడు.

వచ్చాక అక్కడి సిమ్ కొనుక్కోమన్నాడు. నేను ఒప్పుకోలేదు. అత్తకు కంఠతా వచ్చింది నా నంబరొక్కటే. ఆమె ఎప్పుడు చేసినా ఆ నంబరే మోగాలని హైదరాబాద్‌లోనే రోమింగ్ ప్యాక్ వేయించుకుని విమానమెక్కాను.

కాల్స్ బాగానే పోయేవి. మెలికంతా నెట్ దగ్గరే. రోజుకు ఇంతని ఇస్తారు. అది దాటితే నెట్ పూర్తిగా ఆగదు, స్పీడు తగ్గిస్తారు. ఎంత తగ్గిస్తారంటే, వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపినా గడియారం గుర్తు కదలదు. ఫొటో మీద ఆశే పెట్టుకోనక్కర్లేదు. అన్‌లిమిటెడ్ అని అమ్మి ఇదేం పద్ధతని రెండో రోజే కస్టమర్ కేర్‌తో గొడవ పడ్డాను.

శుక్రవారం మల్లేశ్‌కు సెలవు. స్నేహితుడి కారు అడిగి తెచ్చి నన్ను కొండల వైపు తీసుకుపోయాడు. పొద్దున సముద్రం దగ్గర తీసిన వీడియోలన్నీ మా డ్యూటీ అమ్మాయిలకు పంపేశాను కదా, దారిలోనే మెసేజ్ వచ్చింది. ఈ రోజు హైస్పీడ్ డేటా అయిపోయింది, ఇక తగ్గించిన స్పీడే అని.

కారు పైన రోడ్డు పక్కన ఆపి కిందికి దిగాం. రెండు వైపులా నిట్టనిలువు రాళ్లు, మధ్యలో గులకరాళ్ల దారి. వాళ్లు వాడీ అంటారు. మన ఎండిన వాగే. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒక బండ నీడలో చాప పరుచుకుని, చెప్పులు విడిచి, జొన్నరొట్టెల డబ్బా తెరిచాం. మల్లేశ్ ఫోన్‌కు సిగ్నల్ లేదు. నా ఫోన్‌లో ఒక్క గీత ఉంది. వాడు రొట్టె తింటున్న ఫొటో తీసి పంపబోయాను. పోలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. వీడియో కాల్. పైన 'అత్త' అని పేరు.

ఎత్తాను. ఎప్పటిలా సున్నా తిరగలేదు. బొమ్మ బిగుసుకుపోలేదు. అత్త మొహం ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా ఉంది. భుజం మీది గొంగడికి అంటుకున్న పల్లేరు కాయ కూడా కనిపించింది.

"సరోజా, ఏడ కూసున్నవే? వాగుల కూసుంటరా? లే! తమ్మున్ని తీస్కొని ఒడ్డెక్కు!"

ఆ గొంతు మల్లేశ్ కూడా విన్నాడు. "అత్త ఆడికెల్లి గూడ దబాయిస్తాంది సూడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు ఆ గొంతుకు లేవకపోతే కట్టె పడేది. వాడి రెక్క పట్టుకుని లేపాను.

"చెప్పులేస్కోనియ్యి అక్కా!"

"తర్వాత ఏస్కుందువు, నడువు."

వట్టి కాళ్లతోనే రాళ్లు పట్టుకుని ఎక్కాం. పైకి పోతే సిగ్నల్ బాగుంటుంది, అత్తతో తీరిగ్గా మాట్లాడొచ్చని కూడా అనుకున్నాను. సగం ఎక్కేసరికి కాల్ పోయింది. రోడ్డు అంచుకు చేరి ఊపిరి తీసుకుంటుండగా లారీలు వరుసగా వస్తున్నట్టు చప్పుడు. రోడ్డు మీద లారీ లేదు. కిందికి చూస్తే బురద రంగు నీళ్లు వంపు తిరిగి వస్తున్నాయి. చాప, డబ్బా, చెప్పులు, మేం కూర్చున్న బండ, అన్నీ మునిగిపోయాయి. ఎక్కడో దూరాన కొండల్లో వాన పడిందట.

మల్లేశ్ రోడ్డు మీదే కూలబడ్డాడు. నా వైపు తిరిగాడు.

"అక్కా, అత్తకు వీడియో ఫోనేడిది?"

అత్త దగ్గరున్నది బటన్ల ఫోను. కొనిచ్చింది నేనే. అందులో నెట్ కూడా లేదు. కాల్స్ తెరిచి చూశాను. ఆ కాల్ లేదు. తమ్ముడి ఫొటో పక్కన గడియారం గుర్తు అలాగే ఉంది.

సాయంత్రం గదికి చేరాక అత్తకు మామూలు కాల్ చేశాను. జరిగింది చెప్పకుండా, మధ్యాహ్నం నాకు ఫోన్ చేశావా అని మాత్రమే అడిగాను.

"ఫోను ఇంట్లనే ఉండె. గొర్ల కాడికి నేనెన్నడన్న తీస్కపోయిన్నా?" అంది. తర్వాత తనే మొదలుపెట్టింది. "ఇయ్యాల వాగు దాటుతాంటే, నువ్వూ మల్లిగాడూ ఆ ఇసుకల కూసున్నట్టు అనిపించింది బిడ్డా. సూస్తే ఎవ్వరు లేరు. అయినా నోరు ఊకోలే. ఒడ్డెక్కుండ్రి అని గట్టిగ ఒర్లిన. గొర్లన్ని బెదిరినయి."

ఊరికి వచ్చాక, ఆ రోజు పక్కన మంద కాసిన యాదయ్యను అడిగాను. "ఔనమ్మా, ఒట్టి వాగుల నిలబడి బుచ్చక్క ఎవల్నో పిలుస్తాంటే మేమంత నవ్వినం" అన్నాడు.

కస్టమర్ కేర్‌ను మళ్లీ పట్టుకున్నాను. తగ్గించిన స్పీడులో వీడియో కాల్ రానే రాదని, ఆ మధ్యాహ్నం అంత నెట్ వాడినట్టు కూడా లేదని ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది. "నేను బతికే ఉన్న కదా, అది గూడ రాసుకో" అని పెట్టేశాను. మా దవాఖాన డాక్టరు ఎండదెబ్బ అన్నాడు. ఒకే మాట ఇద్దరి చెవుల్లో పడే ఎండదెబ్బ ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నాను. ఆయన ఇంకా చూపించలేదు.

ఊళ్లో ఇంకో రకం. బుచ్చమ్మకు దేవత పూనిందని, కొబ్బరికాయలు పట్టుకుని జోస్యం అడగడానికి వచ్చారు. అత్త గొర్లు తోలే కట్టె తీసి వాకిట్లో నిలబడింది. "నేను గొర్ల కాపరిని. మీ దేవతను మీ ఇంట్లనే పెట్టుకోండ్రి" అని అందరినీ తరిమింది.

దయ్యం అంటే ఒప్పుకోను, మా అత్త నిక్షేపంగా ఉంది. భ్రమ అంటే అసలే ఒప్పుకోను. మరి ఏమిటంటే నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

మొన్న ఊరికి పోయినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "అత్తా, నువ్వు ఆడ ఒర్లితే నాకెట్ల కనవడ్డవే?"

అత్త గొర్రెపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తోంది. తలెత్తలేదు.

"నేను పిలిచిన, నువ్వు లేసినవ్. గా పిల్ల తల గట్టిగ పట్టు, కదులుతాంది."