నేనొక్కదాన్నే మిగిలిన ఫిజిక్స్ క్లాసు

డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి మా ఫిజిక్స్ గ్రూపులో కాలేజీకి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. మొదటి ఏడాది బెంచీలు చాలక ఇరుక్కుని కూర్చునేవాళ్లం. కొందరు కంప్యూటర్ కోర్సులని హైదరాబాద్ వెళ్లిపోయారు. కొందరు కానిస్టేబుల్ కోచింగులో చేరారు. ఒకడు, మా సెంటినరీ కాలనీ అబ్బాయే, తండ్రి మంచాన పడటంతో ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. మూడేళ్లు చదివితే ఏమొస్తుందో తెలియదు, పనికి పోతే నెల తిరిగేసరికి జీతం వస్తుంది. అందరి ఇళ్లలో ఇదే లెక్క. మా ఇంట్లోనూ.

"ఫిజిక్స్ సదివితే ఏం కొలువొస్తది బిడ్డా?" అని నాయిన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ అడిగేవాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"టీచర్ కావచ్చు నాయినా."

"దానికి మళ్ల బీఎడ్ సదవాలెనట గద."

నేను ఆయన బూట్లు తీసుకెళ్లి గుమ్మం పక్కన పెట్టేదాన్ని.

మా లెక్చరర్ గెస్టు ఫ్యాకల్టీ. ఆయన జీతం ఎప్పుడొచ్చేదో ఆయనకే తెలియదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, నాకొక్కదానికే నిండు క్లాసుకు చెప్పినట్టు చెప్పేవారు. హాజరు మాత్రం అందరిదీ పిలిచేవారు, మానేసిన వాళ్లది కూడా. ప్రతి పేరు తర్వాత కాసేపు ఆగి, ఖాళీ బెంచీ వైపు చూసి, ఇంకో పేరుకు పోయేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత, ఆయన ఆగినంతసేపు నేను ఊపిరి బిగబడుతున్నానని గమనించుకున్నాను.

ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్స్‌కు చీకటి గదిలో ఉన్నాం. కిటికీలకు నల్ల పరదాలు. సోడియం దీపం ఒక్కటే వెలుగుతోంది. ఆ పసుపు వెలుగులో వేరే రంగులేవీ బతకవు. నా ఎర్ర చున్నీ నల్లబడింది. సార్ ముఖం బూడిద పూసినట్టుంది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగి పరదాల వెనక అద్దాలు అదిరాయి. అది రోజూ ఉండేదే. సార్ హాజరు మొదలుపెట్టారు. పనికి పోయిన మా కాలనీ అబ్బాయి పేరు పిలిచి, ఆగారు.

"ఎస్ సార్."

గది వెనక నుంచి వచ్చింది. నిద్రలో పలికినట్టు, మెల్లగా. గిరుక్కున తిరిగి చూశాను. గోడ, బీరువా, పరదా. సార్ అప్పటికే తర్వాతి పేరు పిలిచేశారు.

హాజరు అయిపోయాక అడిగాను. "సార్, ఇందాక ఎవరో పలికిండ్రు."

ఆయన దీపం వైపే చూస్తూ గొంతు తగ్గించారు. "నీకు గూడ వినపడ్డదా? నాకొక్కనికే అనుకున్న. దసరా సెలవులు అయినకాడి నుంచి వినపడుతుంది."

ఆ బ్లాస్టింగు గుర్తొచ్చి, గనిలో వాడికేమైనా అయిందేమోనని భయమేసింది. సాయంత్రం నేరుగా ఆ అబ్బాయి వాళ్ల క్వార్టర్‌కు పోయాను. వాళ్లమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. "రెండో షిఫ్టుల ఉన్నడు బిడ్డా. ఇప్పుడే ఫోన్ చేసిండు. ఏంది, గట్ల రొప్పుతున్నవ్?" అంది. ఏదో చెప్పి తప్పించుకుని వచ్చేశాను.

మరుసటి వారం చీకటి గది తలుపు తీసి దీపం వేశాను. అది వేడెక్కి వెలుగు పరుచుకునే కొద్దీ, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. కళ్లు మూసి ఉన్నాయి. ముఖంలో నెత్తురు లేదు. కెవ్వుమన్నాను.

"నేనే, నేనే," అంటూ లేచాడు ఆ అబ్బాయి. ఒంటి నిండా బొగ్గు దుమ్ము. "ఫస్టు షిఫ్టు చేసి వచ్చిన. జర సేపు కూసుండి విందామనుకున్న, నిద్ర వట్టింది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అయితే గిన్ని దినాలు పలికింది నువ్వేనా?"

"ఎక్కడ పలికిన? కాలేజీ మానేసినంక ఇయ్యాల్నే గదా వచ్చుడు!"

సార్ గుమ్మంలోనే నిలబడిపోయారు. కాసేపటికి వచ్చి హాజరు పిలిచారు. తన పేరు వినగానే వాడు తలెత్తాడు.

"నా పేరు ఇంకా పిలుస్తున్రా సార్?"

"తీసేసుడు నాతోని కాలే," అన్నారు సార్. మళ్లీ పిలిచారు.

"ఎస్ సార్," అన్నాడు వాడు. అదే గొంతు. సారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ తర్వాత వాడు రాని రోజుల్లో ఆ పలుకు మళ్లీ వినపడలేదు. అయినా నేనెప్పుడూ ఆ గదిలోకి ఒంటరిగా పోలేదు.

వాడు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పరీక్షలు రాశాడు. ఒక పేపరు ఇంకా మిగిలే ఉంది. మరుసటి ఏడు ఎవరూ చేరక మా గ్రూపే ఎత్తేశారు. నేను బీఎడ్ చేసి, పెద్దపల్లిలో ఒక ప్రైవేటు బడిలో చెబుతున్నాను. నా జీతం వాడి జీతం కంటే తక్కువ.

మొన్న మా బావ ఆ మాటే ఎత్తాడు. "ఇన్నేండ్లు సదివి ఏం మిగిలింది మామా?"

నాయిన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఏమో. నాకు గూడ సమజ్ గాలే. కని పొద్దుగాల బడికి పోయేటప్పుడు దాని మొఖం జూడు ఒకపారి," అన్నాడు.

బావ నా వైపు చూశాడు. నేను లోపలికి పోయి చాయ్ పెట్టాను.