రేకుల కింది విత్తనం

కంబదూరు పక్కన ఒక ఊళ్ళో రామప్పకు నచ్చిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ రామప్పే. మిగతా ఊరంతా ఆయన లెక్కలో తాలు. బోరు వేయించినవాడు పిచ్చోడు, పంట బీమా అంటూ తిరిగేవాడు సోమరి, ఆఫీసులో కూర్చునేవాడు అన్నానికి దండగ. ఎండకు తాళలేక నెత్తిన తువాలు కప్పుకున్న మగవాడు ఎదురైతే చాలు, ఆ నోరు ఊరుకునేది కాదు.

"ఏమప్పా, పెండ్లికూతురివా? ముసుగేసుకోని యాడికి పోతాండావు?"

ఈ గీర అంతా ఎక్కడిదంటే, విత్తనానిది. వాళ్ళ నాయన కాలం నుంచీ ఆ ఇంట్లో వేరుశనగ విత్తనం బయట కొన్న పాపాన పోలేదు. పంటలో మంచి కాయ ఏరి, ఆరబెట్టి, గోనెసంచుల్లో కట్టి, ఎండాకాలమంతా దాచి, వాన పడినాక ఒలిచి విత్తుకోవడమే వాళ్ళ పద్ధతి. విత్తే ముందు రామప్ప ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. గలగలమంటే "మొలుస్తాది" అనేవాడు. ఇక దానికి తిరుగులేదు. ఒకప్పుడు పక్క ఊళ్ళవాళ్ళు కూడా కాయలు పట్టుకొచ్చి ఆయన చెవి దగ్గర ఊపించుకుని పోయేవాళ్ళు. సర్కారు విత్తనం కోసం వరుసలో నిలబడేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. "ఇత్తనం అడుక్కునేటోడు కూడా సేద్యగాడేనా!" అని ఉమ్మేసేవాడు.

ఆయన చేలో కూలికి వచ్చే యేసన్నను మనిషిగా కూడా లెక్కపెట్టలేదు. ఒక ఏడు కళ్ళం ఎత్తేసిన రోజు, యేసన్న కాసిన్ని కాయలు విత్తనానికి అడిగాడు. రామప్ప పకపకా నవ్వి, కాలితో కళ్ళం మూల చూపించి, "ఊడ్చుకో పోరా" అన్నాడు. మట్టీ, తొక్కూ, చిన్నాచితకా కాయలూ కలిసిన ఆ ఊడుపును యేసన్న చీపురుతో పోగుచేసి, తువాల్లో మూటకట్టుకుని పోయాడు. ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆ మూట సంగతి రామప్ప మరుసటి రోజుకే మరిచిపోయాడు.

పాత మట్టి మిద్దెను పడగొట్టి సిమెంటు ఇల్లు కట్టినప్పుడు ఆయన తల ఇంకాస్త పైకి లేచింది. మట్టి మిద్దె అంటే ఏడాదికోసారి వానలకు ముందు, నీళ్ళు దిగకుండా పైన చౌడు మన్ను పోసుకోవాలి. ఆ చాకిరీ వదిలింది. ఊళ్ళో చౌడు పోసుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు మిగిలారు, అందులో యేసన్న ఒకడు. "మన్ను కింద బతికేది ఎలకలు" అనేవాడు రామప్ప. కొత్త ఇంటికి మెట్ల పైన రేకుల గది ఒకటి వేయించి, విత్తనం సంచులు అందులో పెట్టించాడు. రెండేళ్ళు బాగానే మొలిచింది. ఆ తర్వాత పలచబడింది. పలచబడిన ప్రతిసారీ తప్పు ఇంకొకరిదే. ఒక ఏడు అడవి పందులు తవ్వి తిన్నాయి. ఒక ఏడు విత్తే గొర్రు లోతు దిగింది. పోయినేడు సగం చేను బోసిగా ఉంటే, వాన సరిగ్గా పడలేదని ఆకాశాన్ని తిట్టిపోశాడు.

ఈ ఏడు ఎండాకాలం వెళ్ళిపోతుండగా, బెళుగుప్ప నుంచి కొత్తగా వచ్చిన వ్యవసాయ ఉద్యోగి అరుణజ్యోతి రైతులను కూర్చోబెట్టి మాట్లాడింది. జిల్లాలో ఏడాది సగటు వేడి కొన్ని దశాబ్దాలుగా మెల్లమెల్లగా పెరుగుతోందని గోడకు తగిలించిన బొమ్మ మీద చూపించింది.

"ఎంత పెరిగిందమ్మా?" అని రామప్ప తీరిగ్గా అడిగాడు.

"డిగ్రీ లోపలే పెద్దాయనా."

"ఓసోస్! మా ఇంట్లో కాఫీ చేతికి తీసుకున్యాక నోటికాడికి వచ్చేలోపల అంతకన్నా ఎక్కువ దిగుతాది. దీనికొక మీటింగా? ఎండ మాకు కొత్తనా?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం వదల్లేదు. "సగటు అంటే ఒక్క దినం ఎండ కాదు పెద్దాయనా. ఏడాది పొడుగునా పగలూ రాత్రీ కలిపి చూసే లెక్క. అది కాస్త కదలాలంటేనే ఎన్నో దినాలు ముందుకన్నా ఎక్కువ కాగాల. రాత్రిళ్ళు కూడా సల్లబడకూడదు. మనం నీడకు పోతాం, నీళ్ళు తాగుతాం. రేకుల కింద కట్టిపెట్టిన ఇత్తనం యాడికి పోతాది? లోపల జీవం సచ్చిపోతాది, పైకి మాత్రం కాయ బాగానే కనపడతాది." ఒక గుప్పెడు గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి పెడితే నాలుగు దినాల్లో తెలిసిపోతుందని చెప్పి, మరునాడు ఇంటికే వచ్చి మళ్ళీ అదే చెప్పి గింజలు అడిగింది.

"నా ఇత్తనానికి నువ్వు పరీక్ష పెడతావా పాపా? నువ్వు పుట్టకముందే అది పాసయింది, పో!"

వాకిట్లో చేట పట్టుకుని కాయలు ఏరుతున్న ఆయన భార్య రామాంజినమ్మ తలెత్తలేదు. మొగుడు నవ్వే నవ్వు ఆమెకు కొత్త కాదు.

కానీ ఈ ఏడు సంగతి వేరు. సంచుల్లో ఉన్నదే వాళ్ళ నాయన విత్తనంలో చివరిది. పోయినేడు పంట పలచనై, దాచడానికి మించి ఏమీ మిగల్లేదు. ఇది మొలవకపోతే ఆ ఇంటి విత్తనం ఆయన చేతుల్లోనే అంతరించిపోతుంది. రామప్పకు అది తెలియక కాదు. తెలుసు కాబట్టే ఆ పిల్ల పోయాక ఒకటికి పదిసార్లు కాయను చెవి దగ్గర ఊపుకున్నాడు. గలగలమంది. సంతోషపడ్డాడు, పాపం.

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. విత్తడానికి నేలలో తడి పదును బాగా కుదిరింది. రామప్ప ముందు నడుస్తూ ఎద్దులను తోలుతున్నాడు. వెనక రామాంజినమ్మ ఒడినిండా గింజలు పోసుకుని, గొర్రు మీది జడ్డిగంలోకి గుప్పెటతో జారవిడుస్తోంది. ఆ కొయ్య గిన్నెలో పడిన గింజ గొట్టాల్లోంచి సాళ్ళలోకి పోతుంది. ఒడి ఖాళీ అయినప్పుడల్లా ఆమె గట్టు మీది మూటల దగ్గరికి పోయి నింపుకొస్తోంది. ఏ మూట విప్పిందో ఆయన చూడలేదు. పెళ్ళాం వైపు తిరిగి చూసే అలవాటు ఆయనకు ఎప్పుడుంది గనక!

వారం గడిచాక చేనికి పోయి చూస్తే మొలక ఇక్కడొకటి, అక్కడొకటి. మన్ను గోకి చూస్తే గింజ నల్లగా మెత్తబడి వేళ్ళకు అంటుకుంది. తిట్టడానికి పంది అడుగు కూడా కనపడలేదు. తూర్పు గట్టు పక్కన మాత్రం ఒక పట్టె పొడుగునా మొలక గుబురుగా లేచి నిలబడి ఉంది.

"ఏమే, ఇదేం ఇత్తనం? యాడిది?" అని అరిచాడు.

"యేసన్నది" అంది రామాంజినమ్మ.

"వాని తాలు కాయ నా చేన్లో ఏసినావా!"

"ఆ పాప చెప్పినట్ల గుడ్డలో కట్టి చూసినా. మనది కుళ్ళిపోయింది. యేసన్నది అంతా మొలకెత్తింది. వాడిచ్చినంత తెచ్చి ఏసినా."

"నాకు ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే ఏం చేస్తావు? మూతి తిప్పి నవ్వుతావు. ఈ ఇంటికొచ్చినకాణ్ణుంచి నవ్వించుకుంటాండా. ఇంక నాకు ఓపిక లేదప్పా." ఆమె కొంగు దులుపుకుని, మళ్ళీ అంది: "అయినా అది వాని ఇత్తనం కాదు. మీ నాయనదే. కళ్ళంలో ఊడ్చుకో పోరా అని నువ్వు ఇచ్చిందే. వాడు ఏటేటా ఏరి, ఏసి, దాచి పెంచుకున్యాడు."

రామప్పకు ఈసారి తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

పదును ఇంకా రెండు మూడు రోజులు ఉంటుంది, ఈలోపల మళ్ళీ విత్తుకోవాలి. ఆయన సరాసరి యేసన్న ఇంటికి పోయాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది. నెత్తి కాలుతుంటే దారిలోనే తువాలు తలమీదికి లాక్కున్నాడు, ఎవరూ చూడకూడదని సందుల్లోంచి నడిచాడు. మిద్దె లోపల అడుగుపెట్టగానే ఒళ్ళు చల్లబడింది. మూరెడు మందం గోడలు, పైన చౌడు. మూలన మట్టితో అలికిన వెదురు గాదె. తన నాయన కూడా విత్తనాన్ని ఇట్లాంటి మూలలోనే పెట్టేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

"రే యేసన్నా, ఇత్తనం..." అన్నాడు.

"నేను ఏసుకున్యా, అక్క అడిగితే ఇచ్చినా. ఇంక గాదె అడుగున ఉండేదే అన్నా" అన్నాడు యేసన్న. ఆ గొంతులో ఎకసక్కెం లేదు, కోపం కూడా లేదు. గోడకు ఆనించిన చీపురు తీసి ముందుకు చాపాడు. "ఊడ్చుకోన్నా."

రామప్ప తలమీది తువాలు తీసి నేల మీద పరిచాడు. చీపురు అందుకుని గాదెలోకి వంగాడు.