గుప్పెట్లో తాళాలు

కడియంలో నేను పనిచేసే నర్సరీ ఆఫీసులో మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు, మెలకువ వచ్చేసరికి నా రెండు చేతుల నిండా తాళంచెవులే. గేటువి, షెడ్డువి, బండివి, ఎవరింటి బీరువాదో కూడా ఒకటి. చేతిలో ఇనుము పెడితే మూర్ఛ దిగిపోతుందని మావాళ్ళకి గట్టి నమ్మకం. అది దానంతటదే వస్తుంది, దానంతటదే పోతుంది. మంచి పేరు మాత్రం తాళాలకి.

చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. రోజూ మాత్రలు వేసుకుంటాను, ఎప్పుడో గాని రాదు. చేరేటప్పుడే ఓనరుగారికి చెప్పాను. "దాందేముందమ్మా" అన్నారు. అప్పటికి ఆయన చూళ్ళేదు మరి.

మర్నాడు వెళ్తే ముందు గదిలో నా కుర్చీ లేదు. వెనక షెడ్డులో కుండీల మధ్య వేసి ఉంది.

"మొక్కలు కొనడానికొచ్చినవాళ్ళు భయపడతారమ్మా. నువ్వక్కడ రెస్టు తీసుకుంటూ కుండీలకి పేర్లు అంటించు," అన్నారు ఓనరుగారు, ఎంతో దయగా.

ఆ దయకే నాకు ఒళ్ళు మండింది. నా పని మాట్లాడటం. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళతో హిందీలో బేరమాడి, మామిడంట్లు అడిగినవాళ్ళ చేత మందారాలు కూడా కొనిపించేదాన్ని. క్రోటన్లతో ఏం బేరమాడను? పైగా నా సీటులోకి కొత్తమ్మాయిని తెస్తున్నారని తెలిసింది. ఆమె వస్తే ఇక నా బతుకు కుండీలకే అంకితం.

షెడ్డులో రెస్టయినా ఉందా అంటే అదీ లేదు. నాకు కాపలాగా మేస్త్రిగారిని పెట్టారు. నేను ఆవులిస్తే తాళం. ఎక్కిళ్ళొస్తే తాళం. ఓసారి ఫోన్ చూసి నవ్వుకుంటుంటే పరిగెత్తుకొచ్చి సైకిలు తాళం చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకోండి మేడమ్ గారూ" అన్నారు. ఆయనకి నా మీద అభిమానమే పాపం. అందుకే తిట్టలేకపోయేదాన్ని.

ఓ రోజు లోడింగు. లారీ మొక్కలతో నిండి ఎండలో నిలబడి ఉంది. ముందు గదిలో నాగపూర్ నుంచి వచ్చినాయన ఎవరో హిందీలో ఏదో అడుగుతుంటే, ఓనరుగారు తెలుగులోనే కాస్త గట్టిగా జవాబు చెబుతున్నారు. షెడ్డులో నాకు కొబ్బరిపొట్టు దుమ్ముకి తుమ్ములు మొదలయ్యాయి. ఎంతకీ ఆగవు. మేస్త్రిగారు కేక పెట్టారు. ఓనరుగారితో సహా అందరూ పరిగెత్తుకొచ్చి, ఎవరి జేబులో ఏ తాళముంటే అది నా చేతుల్లో పోశారు. లారీది, ఓనరుగారి కారుది, ఆఫీసు గుత్తి, అన్నీ.

తుమ్ములు ఆగాయి. అందరూ చేతులు చాపారు. నేను గుప్పెట బిగించాను.

"తుమ్ములే కదమ్మా, ఇచ్చెయ్యి. మొక్కలు వాడిపోతాయి," అన్నారు ఓనరుగారు.

"ఇంకా పూర్తిగా దిగలేదేమోనండి," అన్నాను.

"మధ్యలో లాక్కోకూడదండి బాబూ, తిరగబెడుతుంది," అన్నారు మేస్త్రిగారు. ఈ నియమం నేనూ అప్పుడే విన్నాను.

"మరెప్పుడు దిగుతుందమ్మా?"

"ముందు గదిలో నా కుర్చీలో కూర్చుంటే దిగుతుందండి."

కుర్చీ మోసుకొచ్చి ముందు గదిలో వేశారు. నేను గుప్పెట విప్పకుండానే నాగపూర్ ఆయనకి హిందీలో అన్నీ వివరించాను. ఆ తాళాలేంటని అడిగారాయన. నాకు ఫిట్స్ వస్తాయని, వస్తే మావాళ్ళు ఇలా చేస్తారని ఉన్నదున్నట్టు చెప్పాను.

"మా తమ్ముడికీ వస్తాయి. తాళాలెందుకు, మేం చెప్పు వాసన చూపిస్తాం," అని, ఆయన ఇంకో లారీ మొక్కలకి ఆర్డరిచ్చారు. చెప్పు సంగతి మేస్త్రిగారికి తెలియకుండా జాగ్రత్తపడ్డాను.

ఎవరి తాళాలు వాళ్ళకిచ్చేస్తూ ఓనరుగారితో అన్నాను. "భయపడింది కొనేవాళ్ళు కాదండి, మీరు. ఈసారి వస్తే నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తలకింద మెత్తగా ఏదైనా పెట్టండి. చేతుల్లో మాత్రం ఏమీ వద్దు."

ఆయన కారు తాళం జేబులో వేసుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయారు. కానీ నా కుర్చీ మళ్ళీ వెనక్కి పోలేదు. కొత్తమ్మాయి ఊసు ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి నాకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి, ముందు గదిలోనే, కొనేవాళ్ళ ఎదుటే. మెలకువ వచ్చేసరికి ఓ పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. తలకింద ఓనరుగారి కండువా. నా చేతులు ఖాళీ. ఆయన పక్కనే నేలమీద కూర్చుని, చెమటలు కక్కుతూ, ఆఫీసు తాళాల గుత్తి తన గుప్పెట్లోనే బిగించి పట్టుకుని ఉన్నారు.