‘ఉమ్రా’ మాటకు నేను వేసిన తాళం

నేను బడికి పోలేదు. కడపలో మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి ఖురాను చదివించాడు, తెలుగు రాయించాడు. ఆయన చలువ వల్లే ఇవాళ అల్ ఖోబర్‌లో, అజీజియాలోని మా వంటింట్లో కూర్చొని, సౌదీలో ఉన్న తెలుగువాళ్ల ఆన్‌లైన్ గ్రూపును చూసుకుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ల పోస్టు మేము ఒప్పుకుంటేనే అందరికీ కనిపిస్తుంది. మేమంటే నేనూ, దమ్మాంలో నర్సుగా చేసే భీమవరం అమ్మాయీ.

ఆమధ్య మక్కాకు పోయే ఉమ్రా యాత్ర ప్యాకేజీల దొంగ ప్రకటనలు ముసురుకున్నాయి. విసిగిపోయి, ‘ఉమ్రా’ అనే మాటా ఫోన్ నంబరూ కలిసి ఉన్న పోస్టు ఏదైనా నేరుగా చెత్తబుట్టలో పడేట్టు పెట్టాను. గ్రూపు శుభ్రపడింది. అల్లాకు షుక్ర్ చెప్పుకున్నాను కూడా.

ఒకరోజు మధ్యాహ్నం జొహర్ నమాజు చదివి వచ్చి, ఆ బుట్ట ఖాళీ చేయబోతూ ఆగిపోయాను. ఒకే పోస్టు మూడుసార్లు పడి ఉంది. ‘ఉమ్రాకు వచ్చిన మా అమ్మ మక్కాలో తెల్లవారుజామున ఫజర్ నమాజు నుంచి కనపడలేదు. తెలుగు తప్ప ఏ భాషా రాదు. నేను దూరాన రాస్ తనూరాలో ఉంటాను, బయల్దేరుతున్నా.’ కింద ఒక నంబరు, ఒక పెద్దామె ఫొటో. మొదటిది వచ్చి నాలుగు గంటలైంది.

ఆ నంబరుకు చేశాను. స్విచ్చాఫ్. నర్సమ్మాయికి చేశాను.

“అక్కా, తొందరపడకండి. ఖాతా ఇవాళే తెరిచాడు. మొన్న తప్పిపోయిన పాప ఫొటో పెట్టి జనాన్ని ఎలా ముంచారో మర్చిపోయారా? నంబరు కలిస్తే అప్పుడు వదులుదాం.”

ఆమె మాట న్యాయమే. కానీ ఫొటోలో ఆ తల్లి కళ్లు నన్నే చూస్తున్నాయి. మక్కాలో మన దేశపు ముసలామె కనిపిస్తే అందరూ ఉర్దూలోనే పలకరిస్తారు. మా ఊళ్లలో ఉర్దూ రాని ముసల్మానులు ఉంటారని ఎవరికి తడుతుంది?

అతని నంబరు తీసేసి నా నంబరు పెడితే? అది మోసమే అయినా ఎవరూ మునగరు. బయటివాళ్లకు ఎన్నడూ ఇవ్వని నంబరు అది. పనిలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను.

“నీ నంబరా? ఎవరెవరో చేస్తారు మే.”

“చేయనీ.”

“సరే, పెట్టు. ఇంగ ఆలస్యం చేయాకు.”

పెట్టాను. మొదటి ఫోన్ వీసాలు అమ్మేవాడిది. రెండోవాడు నా ఆడగొంతు వినగానే వెకిలిగా నవ్వాడు. దువా చదువుకుంటూ కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా, అసర్ అజాన్‌కు కాస్త ముందు మళ్లీ మోగింది.

“అక్కా, నేను మక్కల హోటల్ల క్లీనింగ్ జేస్త. ఆ అమ్మ మా గేటు కాడ్నే కూసున్నది. పొద్దుగాల కెల్లి అందరు ఉర్దూల అడుగుతున్నరు, సప్పుడు జేస్తలేదు. మీ పోస్టు జూసి పోయి, ‘అమ్మా, నీళ్లు తాగుతవా’ అన్న. నా చెయ్యి వట్టుకొని ఒకటే ఏడుపు.”

అల్‌హమ్దులిల్లాహ్ అన్నాను. నీళ్లు తాగించి తోడుండమని చెప్పి, ఆ నంబరు కొడుకుకు మెసేజి పెట్టాను.

కొడుకు జెద్దాలో విమానం దిగి ఫోన్ చేశాడు. విమానంలో ఉండబట్టే అంతసేపూ స్విచ్చాఫ్. దండాలు పెట్టబోతుంటే ఆపి, అతని పోస్టు నాలుగు గంటలు నా బుట్టలోనే పడి ఉందని చెప్పేశాను.

“మా అమ్మ నీళ్లు తాగిందంట కదక్కా,” అన్నాడు.

ఆ సాయంత్రమే ‘ఉమ్రా’ మాటకు వేసిన తాళం తీసేశాను. తెల్లారేసరికి ఉమ్రా ప్రకటనలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కోటీ చివరిదాకా చదివి తీసేస్తూ పోయాను.