రాణిగారి టపాలో మా ముత్తాత

నా దగ్గర నలభై మూడు డైరీలున్నాయి. అన్నిటికీ అట్టలు తొడిగి, వీపు మీద నంబర్లు వేసి, బీరువాలో వరసగా నిలబెట్టాను. ఇన్ని వేల పేజీల్లో ఒక్క పేజీ మీద మాత్రం తెల్లకాగితం అంటించి ఉంటుంది. అంటించింది నేనే. ఆ కాగితం కింద ఉన్నది ఒక మహావిపత్తు. భూకంపమో తుఫానో అయితే ఊరంతా తలా కాస్త పంచుకుంటుంది. ఇది మొత్తం నా ఒక్కడి నెత్తిన పడింది. అదీ నేనే పందిరి వేయించి, మైకు పెట్టించి, బంధువులను పిలిచి మరీ పడేసుకున్నాను.

మొన్న ఆవిరి పట్టించి ఆ కాగితం ఊడదీశాను. అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా రొంపిచెర్ల బావ నవ్వినంతగా మీరెవరూ నవ్వలేరులెండి.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఊరు కారంపూడి. గురజాలలో ఒక ఆఫీసులో నేను రికార్డు గుమాస్తాను. పాత కాగితాల గది తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. మనిషి మాట మీద నాకు నమ్మకం లేదు, కాగితం మీదే నమ్మకం. ఎవరైనా వచ్చి "నేను ఫలానా అండీ" అంటే "ఏదీ, నకలు చూపించు" అనే రకాన్ని. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ తన వయసు చెబితే రుజువు అడిగాను. ఆ రుజువు ఇంతవరకూ రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఇలా ఉండగా ఒక పెళ్ళి భోజనాల్లో మా అక్క మొగుడు, రొంపిచెర్ల బావ, నా పక్కన కూర్చున్నాడు. బావది భూములున్న ఇల్లు. నోరు భూమికంటే పెద్దది.

"ఏందిరా మస్తాన్ రావూ, మా ముత్తాత బాటసారుల కోసం బావి తవ్వించాడు. ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుని తాగుతారు జనం. మీ వంశంలో చెప్పుకోను ఒక్కడన్నా ఉన్నాడంట్రా?"

"ఎందుకు లేరు బావా, చానామంది ఉన్నారు."

"చానామంది వద్దులే. ఒక్కడి పేరు చెప్పు."

నా నోట్లో బూరె ఉంది. బూరె అడ్డం వచ్చి చెప్పలేకపోయానని పక్కవాళ్ళు అనుకున్నారు. నిజానికి చెప్పడానికి లోపల ఏ పేరూ లేదు.

"సర్లే, నవులు. బూరెన్నా దక్కుద్ది" అన్నాడు బావ. పంక్తి అంతా నవ్వింది. వడ్డించేవాడు కూడా.

ఆ నవ్వు చెవుల్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. మా నాన్నగారి అక్క కోటమ్మత్త మా ఇంట్లోనే ఉండేది. డెబ్భై అయిదు దాటినా మాటలో జంకు లేదు. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"అత్తయ్యా, మీ తాత ఏం చేసేవాడు?"

"మా తాత మస్తానయ్య గదా. నీకు పెట్టింది ఆయన పేరే. ఆయనకూ టపాకూ మా చెడ్డ సంబంధంరా. ఎండనక వాననక రోజూ టపా వేళకు మాచర్ల రోడ్డు మీద ఉండాల్సిందే. అన్నం కూడా ఆ తర్వాతే."

టపా! విక్టోరియా రాణి కాలంలో టపా సంచీ భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని అడవిలో పరుగెత్తే రన్నర్ల గురించి నేను విని ఉన్నాను.

"గజ్జెల బల్లెం కూడా ఉండేదా అత్తయ్యా?"

"లేకేం! గజ్జెలు గల్లుమంటే చాలు, మనిషి ఇంట్లో నిలిచేవాడు కాదు. అసలు సంగతేందంటే, ఒకసారి దొర గుర్రమేసుకుని వచ్చి..."

"చాలత్తయ్యా. మిగతాది రికార్డు చెబుతుంది."

"రికార్డుకు నోరుందంట్రా? నే చెప్పేది విను ముందు."

వినలేదు. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "అత్తయ్య వాఙ్మూలం అనుకూలం. వివరాలు అనవసరం."

ఆ కాలంలో పల్లెల టపా రెవెన్యూ వాళ్ళ అజమాయిషీలో ఉండేది. అందుకే ఆ కాగితాలు మా గదిలో అటక మీద బొత్తులు బొత్తులుగా పడి ఉన్నాయి. పదకొండు ఆదివారాలు ముక్కుకు తువ్వాలు కట్టుకుని దుమ్ములో ఈదాను. పన్నెండో ఆదివారం దొరికింది. ఇంగ్లీషు గొలుసుకట్టు రాతలో ఒక్క వరస: "మస్తాన్, తండ్రి నాగులు, కారంపూడి. టపా రన్నరు."

మా ముత్తాత మస్తానయ్య. ఆయన తండ్రి నాగయ్య. ఊరు కారంపూడి. ఇంకేం కావాలి? బొత్తిని గుండెకు హత్తుకున్నాను. నాతోపాటు అందులోని కాగితం తినే పురుగులు కూడా సంతోషించాయి.

ఇక్కడ పల్నాడు బయటివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మా వైపు బిడ్డలు నిలవకపోతే ఏ మతంవాళ్ళయినా దర్గాకు మొక్కుకుంటారు. బిడ్డ నిలిస్తే మస్తాన్ అనో నాగులు అనో పెడతారు. మావాళ్ళు చివర ఒక అయ్యో రావో తగిలిస్తారు, సాయిబులు వలీనో మీరానో తగిలిస్తారు. పిలిచేటప్పుడు ఆ తోకలేవీ ఉండవు. మా బజార్లో నిలబడి "మస్తానూ" అని కేకేస్తే నలుగురు మనుషులు వెనక్కి తిరుగుతారు, ఒక ఎద్దు కూడా తిరుగుతుంది. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ ఎద్దుకు కూడా తెలుసు. కానీ పేరు కలిసినంత మాత్రాన వంశం కలవదని ఆ రోజు మా ఇద్దరిలో ఎద్దే గ్రహించి ఉండేది.

మిగతా పేజీలు చదివేకొద్దీ నా ఛాతీ అంగుళం అంగుళం పెరిగింది. నాగులేరు పొంగిన రోజున రన్నరు మస్తాన్ టపా సంచీ నెత్తిన కట్టుకుని అవతలి గట్టుకు ఈదాడు. జ్వరంతో కూడా ఒక్క పూట మానలేదు. రోజుకు ఇన్ని మైళ్ళు, ఏడాదికి ఇన్ని రోజులు అని లెక్క కట్టాను. మా ముత్తాత భూమిని రెండుసార్లు చుట్టి, మూడో చుట్టులో సముద్రం మధ్య ఎక్కడో ఆయాసం తీర్చుకుంటూ తేలాడు.

చివర్లో ఒక్క కాగితం నా రక్తం మరిగించింది. "రన్నరు మస్తాన్ చెట్లకింద పడి నిద్రపోతున్నాడనీ, అందువల్ల టపా రోజూ ఆలస్యమవుతోందనీ ఊరివాడొకడు అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు ఆదేశించడమైనది." అర్జీదారు పేరున్న మూలను పురుగు తినేసింది. విచారణలో ఏం తేలిందో ఆ పేజీ లేనే లేదు.

"చూశావా, ఇంతటి మహానుభావుడి మీద ఎవడో దుర్మార్గుడు అర్జీ పెట్టాడు" అన్నాను మా ఆవిడతో. అది రెండో శనివారం. గేటు దగ్గర నిలబడి పోస్టుమన్ కోసం చూస్తున్నాను. అది నాకు మొదటినుంచీ ఉన్న అలవాటు.

"మీ ముత్తాత సంగతి దేవుడెరుగు. మీరు ముందు ఆ పోస్టుమన్‌ను పోనివ్వండి. మనకేమీ లేదన్నాక కూడా పక్కింటోళ్ళకు ఎక్కడినుంచి వచ్చిందో మీకెందుకు?" అంది ఆవిడ.

ఇక సభ పెట్టాల్సిందే. గ్రంథాలయం వరండాలో ముత్తాత చిత్రపటం ఆవిష్కరణ, ముఖ్య అతిథి రొంపిచెర్ల బావ. బావ అందరిముందూ దానికి దండ వేయాలి, ఆ దండతోనే బూరెనాటి బాకీ తీరాలి. నరసరావుపేటలో సినిమా బోర్డులు వేసే పెయింటరును పట్టుకున్నాను.

"ఫొటో ఉందాండీ?"

"విక్టోరియా రాణి కాలం మనిషికి ఫొటో ఎక్కడిదయ్యా?"

"మరి మొకం?"

"వంశం ముఖం ఇదే" అని నా ముఖం ముందుకు చాచాను.

అతను అటునుంచీ ఇటునుంచీ చూశాడు. "పరిగెత్తే మనిషికి ఈ బొజ్జ ఉండదేమోనండీ."

"బొజ్జ తీసెయ్. ముఖం ఉంచు."

"వెనకాల చిరతపులిని వెయ్యమంటారా?"

"వెయ్యి. కానీ అది భయపడుతున్నట్టు ఉండాలి."

పటం వచ్చింది. తలపాగా, చేతిలో గజ్జెల బల్లెం, భుజాన సంచీ, వెనక బిత్తరచూపుల పులి. అంతా దివ్యంగా ఉంది. నా కళ్ళజోడు తీసెయ్యమని చెప్పడం మరిచిపోయాను. రాణిగారి రన్నరు నల్లఫ్రేము కళ్ళజోడుతో అడవిలో దూసుకుపోతున్నాడు.

సభ రోజు ఉదయం మైకు బిగించడానికి సైకిల్ షాపు మస్తాన్ వచ్చాడు. అద్దెకు మైకులు ఇచ్చేదీ అతనే.

"అన్నా, టపా రన్నరంటే మా ఇంట్లో కూడా ఏదో చెప్తా ఉంటారు. మా నాన్నని అడిగితే..."

"ముందు మైకు చూడరా, కీచుమంటోంది."

అడిగినదానికి మించి అత్తయ్య చెప్పబోయింది, అడక్కుండానే మస్తాన్ చెప్పబోయాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పెడుతుంటే విస్తరి మడిచినవాణ్ణి నేను.

జనం బాగానే వచ్చారు. బావ పటం మీది ముసుగు తీసి దండ వేశాడు. పటం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పటం చూశాడు. "ఏందిరా, మీ ముత్తాతకు చూపు కూడా ఆనేది కాదా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు. మైకు అందుకున్నాను. నాగులేరు ఈదించాను, అడవి దాటించాను, భూమి చుట్టించాను. చప్పట్లు మోగాయి. బావ ముఖంలో మొదటిసారి గౌరవం కనిపించింది. అక్కడ ఆపి ఉంటే నేను ఇవాళ మీకు ఈ కథ చెప్పే పనే లేదు.

"ఇంతటి కర్మవీరుడి మీద ఈ ఊరివాడే ఒకడు దొంగ అర్జీ పెట్టాడు!" అని గర్జించాను. "వాడి పేరు పురుగులు తిన్నాయి. తగిన శాస్తే జరిగింది! ఆ వంశంవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, సిగ్గు అనేది ఉంటే, లేచి నిలబడి క్షమాపణ చెప్పాలి!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బావే. ఆ చప్పట్ల మధ్య మస్తాన్ తండ్రి నాగూల్ మీరా కర్ర ఊతంగా లేచాడు. కోటమ్మత్త ఈడువాడు. కళ్ళనిండా నీళ్ళు.

"అబ్బాయ్, చానా బాగా చెప్పావు. మా తాతను ఇంతగా పొగిడినోడు ఇంతవరకూ లేడు."

"మీ తాతేంది పెదనాన్నా? మా ముత్తాత గదా."

"నాగులేరు ఈదింది మా తాత మస్తానే. మా ముత్తాత నాగులు దర్గాకు మొక్కుకున్నాక పుట్టాడంట. నాకు పెట్టింది ఆ నాగులు పేరే. తాత గజ్జెలు మా ఇంట్లోనే ఉన్నాయి. విచారణ చేసి దొర ఇచ్చిన కాగితం కూడా అద్దం కట్టించి పెట్టుకున్నాం. ఒరే మస్తానూ, పట్రా పో."

మస్తాన్ సైకిలెక్కాడు. అతను వెళ్ళి వచ్చిన ఆ పది నిమిషాలూ నేను మైకు పట్టుకుని నిలబడే ఉన్నాను. నా పక్కన కళ్ళజోడు రన్నరు, అతని వెనక పులి. ముగ్గురిలో భయపడుతున్నది ఇప్పుడు పులి కాదు.

గుడ్డమూటలో నల్లబడ్డ ఆరు గజ్జెలు, అద్దంలో పసుపుపచ్చ కాగితం వచ్చాయి. గ్రంథాలయం పంతులుగారు కాగితం అందుకుని ఒక్కొక్క వాక్యానికీ తెలుగు చెప్పారు.

"విచారణలో తేలినది. రన్నరు మస్తాన్ ఏనాడూ నిద్రపోలేదు, ఆలస్యంగా బయలుదేరలేదు. అర్జీదారే ప్రతిదినమూ రోడ్డు మీద రన్నరును ఆపి, సంచీ దింపించి, తనకేమైనా ఉత్తరం వచ్చినదా అనియు, ఊళ్ళో ఎవరెవరికి ఎక్కడెక్కడి నుండి వచ్చినవనియు అరగంటసేపు వాకబు చేయుచున్నాడు. ఇకమీదట సదరు అర్జీదారు రాణిగారి టపాకు అడ్డు నిలువరాదు."

జనం గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, ఆ అర్జీదారెవడో తెలియక.

"పేరుందా పంతులుగారూ?" అడిగాడు బావ.

"ఉంది. మస్తానయ్య, తండ్రి నాగయ్య" అని ఇంటిపేరు కూడా చదివారు. నా ఇంటిపేరే.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాను. నేను పట్టిన ఎలుక మా ముత్తాత.

"ఒరేయ్ మస్తాన్ రావూ" అన్నాడు బావ తీరిగ్గా, "ఆ వంశంవాళ్ళెవరో లేచి నిలబడాలన్నావు గదరా?"

"నిలబడే ఉన్నాను బావా" అన్నాను. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. బస్టాండు దాకా వినపడిందట.

ముందు వరసలోంచి కోటమ్మత్త అరిచింది. "అదే గదరా నే చెప్పబోయింది! దొర గుర్రమేసుకుని వచ్చి మా తాతని నడిరోడ్డు మీద చీవాట్లు పెట్టాడని! వింటేగా నువ్వు!"

మైకులోనే క్షమాపణ చెప్పాను. నాగూల్ పెదనాన్న దగ్గరికొచ్చి నా భుజం తట్టాడు. "క్షమాపణ దేనికిలే అబ్బాయ్. మీ ముత్తాత ఆపినప్పుడల్లా మా తాతకు చెంబుడు మజ్జిగ ఇచ్చేవాడంట. అర్జీ పెట్టినాక కూడా ఆపటం మానలా, మజ్జిగా మానలా. మా తాత కూడా ఆ ఇంటిముందు కాస్త నిమ్మళంగానే పరిగెత్తేవాడంటలే."

బావ తీర్పు చెప్పాడు. బొమ్మ రన్నరుది కాబట్టి రన్నరు ఇంటికే పోవాలి. పటాన్ని మస్తాన్ తన సైకిల్ షాపులో పంపుల పైన తగిలించాడు. సభలో వేసిన దండ తీస్తే బాగుండదని అలాగే ఉంచాడు. వారం తిరక్కుండా మాచర్లకు బదిలీ అయిన నా పాత సహోద్యోగి ఒకాయన అక్కడ పంక్చరు వేయించుకుంటూ దండతో ఉన్న నా ముఖం చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ మా ఆవిడను పరామర్శించడానికి వచ్చాడు. తలుపు తీసింది నేను. ఆయన గడప దగ్గరే కూలబడ్డాడు. నేనే మజ్జిగ ఇచ్చి తేర్చాను. మజ్జిగ ఇవ్వడం మా వంశంలో ఉందిగా.

అందుకని, డైరీలు నలభై మూడూ సాక్షిగా, ఊడదీసిన ఆ తెల్లకాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పెద్దవాళ్ళు నోరు తెరిచినప్పుడు పూర్తిగా విననిదే ఏ బొత్తీ విప్పను. నా ముఖాన్ని ఏ పెయింటరుకూ అప్పగించను. అన్నిటికన్నా ముఖ్యంగా, రాణిగారిదైనా సర్కారుదైనా, టపా మనిషిని దారిలో ఆపి ఎవరికి ఎక్కడినుంచి వచ్చిందని చచ్చినా అడగను.

ఈ మూడోది మాత్రం రేపటినుంచి. వీధి మలుపులో సైకిల్ బెల్లు వినపడుతోంది. పక్కింటి వాళ్ళకు పది రోజులుగా ఏమీ రాలేదు. మజ్జిగ చెంబు ఇక్కడే ఎక్కడో పెట్టాను.